ఆవిడ పేరుతో నా తెర మీద

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. లెక్కలు చెప్పేటప్పుడు కూడా బోర్డు ముందు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాను. మా ఆవిడ ఫిజిక్స్ టీచరు. ఇంట్లో నిలకడంతా ఆవిడదే.

మామిడికుదురులో మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. అందులో విండోస్ తీసేసి లినక్స్ వేసింది నేనే. "మీ చెయ్యి ఊరుకోదండీ, నా ఫైళ్ళు సర్దేస్తారు" అని ఆవిడ పట్టుబట్టి వేరే లాగిన్ పెట్టించుకుంది. ఆవిడ సర్టిఫికెట్లూ, పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకున్న బ్రౌజరూ అన్నీ అందులోనే. ఒకరి లాగిన్ నుంచి ఇంకొకరి లాగిన్‌లోకి వెళ్ళాలంటే ఆ యంత్రం మూలిగి మూలిగి పావుగంట తీసుకుంటుంది. అంత ఓపిక నాకెక్కడిది? నా తెర మీదే ఆవిడ బ్రౌజర్‌ని ఆవిడ పేరుతోనే నడిపే పద్ధతి నేర్చుకున్నాను. మొదట యంత్రం కుదరదని మొండికేసింది. ఈ తెర మీదికి ఆవిడ విండో రావచ్చు అని ఒక లైను కొట్టి అనుమతి ఇచ్చి, ఆవిడ చెప్పిన పాస్‌వర్డ్ కొడితే వచ్చింది. నా ప్రశ్నపత్రం పక్కనే ఆవిడ విండో, ఆవిడకి అలవాటైన పెద్ద పెద్ద అక్షరాలతో. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఏడు ఆవిడకి బదిలీ తప్పలేదు. కావలసిన బడులను వరుసలో పెట్టి ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. గడువు సాయంత్రం ఐదింటికి. ఆ మధ్యాహ్నమే చర్చిలో స్త్రీల సమాజం కూడిక, బైబిలు వాక్యం చెప్పాల్సింది ఆవిడే. ఏదో శుభలేఖ వెనక వరుస రాసి నా చేతిలో పెట్టి వెళ్ళింది. మొదటిది మురమళ్ళ అవతల ఒక బడి. రెండోది పి.గన్నవరం దగ్గర, నా బడికి వెళ్ళే దారిలోనే.

మొదటి బడికి రెండు బస్సులు మారాలి. అక్కడ మంచి ల్యాబ్ ఉందని, చెప్పే మనిషే లేదని ఆవిడ ఎన్నోసార్లు అంది. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. రెండోదైతే ఇద్దరం ఒకే బండి మీద వెళ్ళొచ్చు. రోజూ ఒంటరిగా వెళ్ళాలంటే నాకు దిగులు. కానీ ఆ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆవిడ నడుం నొప్పి కోసమే అనుకున్నాను.

రెండోదాన్ని పైకి జరిపాను. ఓటీపీ కోసం ఫోన్ చేశాను.

"ఆయ్, వచ్చిందండి" అని గుసగుసగా ఆరు అంకెలూ చదివింది. రాసినట్టే పెట్టేరా అని కూడా అడగలేదు.

అప్పటినుంచి వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మళ్ళీ మార్చాలంటే మళ్ళీ ఓటీపీ అడగాలి. దేనికండీ అంటే ఏం చెప్పను? గడియారం చూశాను, మంచినీళ్ళు తాగాను, మళ్ళీ గడియారం చూశాను.

నాలుగు దాటాక ఆవిడ వచ్చింది. విండో మూయడం మరిచాను. ఆ పెద్ద అక్షరాలు గుమ్మంలోంచే కనిపిస్తాయి.

"ఇది మీరు మార్చేరా?"

"నీ నడుముకి అంత దూరం..."

"నడుం నాదండీ. నన్ను అడగాలి కదా."

చివరికి నిజం చెప్పాను, "రోజూ నీతో కలిసి వెళ్ళొచ్చని."

"ఆ మాట పొద్దున్నే అని ఉంటే ఆలోచించేదాన్ని" అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. "తప్పుకోండి. నా లాగిన్‌లోకి వెళ్తాను."

"ఈ విండోలోనే మార్చెయ్యొచ్చు. టైమ్ అయిపోతుంది."

"వద్దండి."

యంత్రం మూలగడం మొదలుపెట్టింది. నేను గడప లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటే, ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వంక చూస్తూ కూర్చుంది. ఐదుకి ఇరవై నిమిషాలు ఉందనగా తెరుచుకుంది. తన బడిని మళ్ళీ పైన పెట్టి, తన ఫోన్‌లో ఓటీపీ చూసి తనే కొట్టుకుంది.

"ఇప్పుడు కాస్త అటు తిరుగుతారా? పాస్‌వర్డ్ మార్చుకోవాలి."

గోడకున్న చర్చి క్యాలెండర్ వైపు తిరిగాను. వెనక కీబోర్డు చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

ఇప్పుడు ఆవిడ ఆ బడిలోనే చెబుతోంది. పొద్దున్నే ఆవిడని బస్సెక్కించి, ఖాళీ వెనక సీటుతో పి.గన్నవరం వైపు వెళ్తాను. కొత్త పాస్‌వర్డ్ ఆవిడ చెప్పలేదు. అడిగే మొహం నాకు లేదు.