కిరసనాయిలు డబ్బాకి కట్టిన దారం

ఇందాక జనరేటర్‌కి తెచ్చిన డీజిల్ క్యాన్ మూత బిగించి, చేతులు వాసన చూసుకున్నాను. మా ఆయన నవ్వాడు. ఇది అమ్మ నుంచి వచ్చిన అలవాటు.

భిలాయ్ క్యాంప్ వన్ బస్తీలో పెరిగినవాళ్ళకి గుర్తుందా, రేషన్‌లో ఇచ్చే నీలం కిరసనాయిలు? కరెంటు పోతే లాంతరుకీ, గ్యాస్ అయిపోతే స్టవ్వుకీ అదే దిక్కు. అమ్మ దాన్ని తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో పోసి, వంటింటికి దూరంగా పెరట్లో రేకుల నీడన పెట్టేది. పక్కనే ఇసక బకెట్టు. నూనె ఎంతవరకు ఉందో అక్కడ డబ్బాకి దారం కట్టేది.

ఓ వానాకాలం, వాడకుండానే నూనె దారం కిందకి దిగడం మొదలైంది.

"మూత బిగించే ఉంది. ఇది మనిషి పనే," అంది అమ్మ.

అనుమానమంతా గోడవతలి హిందీవాళ్ళ దీదీ మీద. పాపం ఆవిడ పెరుగు తోడు అడగడానికి వచ్చినా, అమ్మ గిన్నె అందుకుంటూ ఆవిడ చేతులు వాసన చూసేది. నన్నూ, తమ్ముణ్ణీ కూడా వదల్లేదు. నాన్నమ్మ జోలికి మాత్రం వెళ్ళలేదు.

ఓ సాయంత్రం నాన్నమ్మ గుమ్మంలో కూర్చుని, అడ్డపొగకి, అంటే నిప్పు వైపు నోట్లోకి తిప్పి కాల్చడానికి, ముందు చుట్ట ముట్టించుకుందామని నోట పెట్టుకుని అగ్గిపుల్ల తీసింది. అటుగా వెళ్తున్న అమ్మ ఆగింది. గాలి పీల్చి, పుల్ల లాగేసుకుంది. నాన్నమ్మ తెల్లచీర మోకాళ్ళ దగ్గర నీలంగా తడిసి ఉంది.

"ఏటే? కీళ్ళ నొప్పులకి రాసుకున్నాను. మా ఊర్లో అందరూ రాస్తారు. అదీ దొంగతనమేనేటి?"

అమ్మ అగ్గిపెట్టె కూడా తీసేసుకుని కొంగున ముడేసుకుంది.

తర్వాత డబ్బాకి దారం కట్టలేదు. నాన్నమ్మకి చుట్ట కావాలంటే మాత్రం, ముందు మోకాళ్ళు వాసన చూసి గానీ అమ్మ అగ్గిపెట్టె ఇచ్చేది కాదు.