మళ్ళీ పారబోయించమన్నారు

పత్తికొండలో నేను పేపరుకు వార్తలు రాసేవాణ్ణి. మా యాజమాన్యం టీవీ ఛానల్ కూడా పెట్టాక, ఇక మీదట రాసేవాళ్ళే ఫొటోలు, వీడియోలు తీయాలన్నారు. కర్నూలుకు పిలిపించి ఒక పూట శిక్షణ ఇచ్చారు. అందులో సగం టిఫిన్లకూ ఉపన్యాసాలకూ పోయింది. మిగిలినదాంట్లో నాకు అర్థమైంది ఒక్కటే: షాటు తీసేటప్పుడు చెయ్యి కదలకూడదు.

ఆ వారమే టమోటా ధర పడిపోయింది. మార్కెట్ ముందు ఒకామె తన పంటంతా రోడ్డు మీద కుమ్మరించడం మొదలుపెట్టింది. ముందు పేపరుకు ఫొటో తీసి, ఆ కెమెరా మెడలో వేసుకుని, వీడియో కెమెరా తెరిచేసరికి సగం గంపలు అయిపోయాయి. పైగా జనం తోపులాట. ఎలాగో తీసి, క్యాసెట్‌ను కర్నూలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను.

మధ్యాహ్నం కర్నూలులో వార్తలు సరిచూసే డెస్కు నుంచి ఫోను.

"బొమ్మంతా ఊగుతోందయ్యా. ఆమెతో మళ్ళీ పారబోయించి తియ్యి."

"నాటకమా సార్ అది?"

"ఏదో ఒకటి చెయ్యి. రేపు పొద్దున వార్తల్లో వెయ్యాలి."

తిట్టుకుంటూ వెళ్ళాను. రోడ్డు మీది పండ్లను ఆవులు తింటున్నాయి. ఆమె ఖాళీ గంపలు సర్దుకుంటోంది. ఒక గంప అందిస్తూ డెస్కువాళ్ళ మాట చెప్పాను.

"మళ్లా పారబోయల్లంటే నాకాడ యాడుండాయప్పా? ఆవుల కడుపులోంచి తీసుకొస్తావా?"

"వద్దులే అక్కా. జరిగింది చెప్పు, చాలు."

కెమెరాను గోనెసంచుల మీద ఆనించి ఊపిరి బిగబట్టాను.

"బిందెలతో నీళ్లు పోసి సాకినానప్పా. ఇంటికి తీస్కపోతే కండ్ల ముందరే కుళ్లిపోతాయి. అది సూడలేక ఈడ్నే పోసినా."

ఆ క్యాసెట్‌నూ సాయంత్రం బస్సుకు పంపాను. మరునాడు పొద్దున ఆమె పనిగట్టుకుని మార్కెట్ దగ్గరి హోటలుకు వచ్చి టీవీ ముందు నిలబడింది. తెర మీద ఆమె పెదాలు కదిలాయి, మాట మాత్రం లేదు. ఆ బొమ్మ మీద ఎవరో వార్త చదువుతున్న గొంతు. ఊరి పేరు కూడా తప్పు పలికారు.

"నేను మాట్లాడింది యాడపాయప్పా?" అంది నా వైపు తిరిగి.

బయటికొచ్చి డెస్కుకు ఫోను చేశాను.

"ఆ యాస జనానికి అర్థం కాదని తీసేశాం. బొమ్మ మాత్రం కదల్లేదు, శభాష్!"

"అది తెలుగే కదా సార్!"

అవతల ఫోను పెట్టేశారు.

ఆ కోపంలోనే హోటల్ బల్ల మీద కూర్చుని, ఆమె అన్నది అన్నట్టు రాసి పేపరుకు పంపాను. జిల్లా పేజీలో ఓ మూల వచ్చింది. మార్కెట్‌లో ఒకాయన దాన్ని పైకి చదువుతుంటే ఆమె గంప దించి పూర్తిగా విన్నది. "ఆ, ఇదీ నేను చెప్పింది," అంది.