మిద్దె మీద మౌనవ్రతం

ఆ రోజుల్లో కొత్తగా పెళ్లయిన మగవాడికి ఇంట్లో అన్ని హక్కులూ ఉండేవి, పెళ్లాంతో మాట్లాడే హక్కు తప్ప. నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుమాస్తాను. ఆమె జమ్మలమడుగులో మా అమ్మానాయనల దగ్గర ఉండేది. సెలవు దొరికి ఇంటికొస్తే పగలంతా ఆమె వంటింట్లో, నేను వసారాలో, మధ్యలో కాపలాగా మా జేజి (మా వైపు నాయనమ్మను అలాగే అంటాం). రాత్రయితే ఆడవాళ్లు లోపల, మగవాళ్లు బయట. "ప్రొద్దుటూరులో గది చూశాను, వస్తావా?" అని ఆమెను ఒక్క మాట అడగాలి. ఆమె సరేనంటే గానీ నాయన ముందు నోరెత్తే ధైర్యం నాకు లేదు. ఆసారి సెలవు అయిపోవచ్చింది, మర్నాడే బస్సెక్కాలి.

ఆ తెల్లవారుజామున చుక్కలు వానలాగా రాలతాయని అంగడికొచ్చే పేపర్లో చదివి ఉన్నాను. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి పెద్ద శాస్త్రవేత్తలాగా చెప్పి, "మీ కోడలు చదువుకున్న పిల్ల కదా, మిద్దెక్కించి చూపిస్తా" అన్నాను.

"మేమేం పాపం చేసినామప్పా? మేమూ చూస్తాం" అంది జేజి.

కోడి కూయకముందే నిచ్చెన మీద ఊరేగింపు మొదలైంది. నాయన కంబళితో, అమ్మ నీళ్లచెంబుతో, చెల్లెళ్లిద్దరూ దుప్పట్లతో ఎక్కారు. జేజిని నేనే వీపున మోశాను (బక్కపలచని మనిషి అనుకునేరు!). అందరూ వరసగా పడుకునేసరికి ఆమె ఆ చివర, నేను ఈ చివర. అది చాలదన్నట్టు జేజి ఆజ్ఞ వేసింది: "చుక్క రాలేటప్పుడు ఎవురూ నోరు తెరవాకండి. శానా కీడు."

చుక్కలు నిజంగానే రాలాయి. ఒకటి పెన్న వైపు, ఇంకొకటి గండికోట కొండల మీదుగా తెల్లగా గీత గీసి ఆరిపోయాయి. చలికి పళ్లు టకటకలాడుతున్నా మనసుకు ఎంత హాయిగా ఉండిందో! కానీ అడిగేద్దామని నేను గొంతు సవరించుకున్నప్పుడల్లా ఒక చుక్క రాలేది. తూర్పు తెల్లబడుతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఆ చివరి నుంచి ఆమె గొంతు, అందరికీ వినబడేలా: "ప్రొద్దుటూరులో గూడా ఇట్లే కనపడతాయా, అత్తా?"

జేజే తన ఆజ్ఞ తప్పింది. "ఆడికి పోయి చూసుకో తల్లీ. రేయ్, పిల్లను పిల్చుకపోరా. ఒక్కడివే ఆడ ఏం తింటాండావో ఏమో!" నాయన కంబళిలోంచి "ఊఁ" అన్నాడు. మా ఇంట్లో అంతకు మించిన అనుమతి లేదు.

ఆ మధ్యాహ్నం బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది, ఒళ్లో ఊరగాయ జాడీతో. ఇప్పటికీ పిల్లలతో అంటుంటుంది: "మీ నాయన నన్ను రమ్మని యాడ అడిగినాడు? నేనే వచ్చినా." నిజమే. ఆకాశాన్నంతా సాయం తెచ్చుకుని కూడా పెళ్లాన్ని ఒక్క మాట అడగలేకపోయిన ఆ కుర్ర గుమాస్తాను తలచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త జాలీ వేస్తుంది. వాడి బదులు ఆమె అడిగింది కాబట్టి సరిపోయింది.