వల దారం కుట్టు

చేతికి ఏ బట్ట వచ్చినా తాతారావు ముందు బ్లేడు తీస్తాడు. పాత కుట్టు విప్పుతాడు. తరవాతే సూది.

మస్కట్‌లో నేర్చిన పని అది. పాత ఇంగ్లీషు కోట్లు బాగుచేసే కొట్టు. ఒకప్పుడు ఓడలు కట్టే కూలీలు, బొగ్గు మోసేవాళ్లు తొడిగిన కోట్లు. మందపాటి నీలం గుడ్డ, మూడు వరసల కుట్టు, పనిముట్లు పట్టే జేబులు. పనివాడి చెయ్యి ఎటు కదులుతుందో చూసి కత్తిరించిన బట్ట. రాజోలు తిరిగి వచ్చాక అలాంటిది మళ్లీ అతని కంట పడలేదు. స్కూలు నిక్కర్లు కుడుతూ ఉండిపోయాడు.

ఇన్నాళ్లకు అలాంటి కోటు నూకాలమ్మ తెచ్చింది. అంతర్వేది మనిషి. ఆమె భర్త అయ్యప్ప దుబాయి రేవులో పనిచేసినప్పుడు కొనుక్కున్న కోటు. మొన్న వానల్లో సముద్రం మీదకి చేపల వేటకు వెళ్లిన అయ్యప్ప తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. కోటు ఇంట్లో కొక్కేనికి మిగిలింది.

"జేబు ఊడిందండి. అదొక్కటీ కుట్టండి, చాలు."

"ఆయ్. రేపు సాయంత్రం రండి."

ఆమె వెళ్లాక జేబు కుట్టి, మోచేతి దగ్గర చిరుగు చూశాడు. ఎవరో వల దారంతో కుట్టారు, వంకరగా, ముళ్లు ముళ్లుగా. అంత మంచి కోటు మీద అది చూస్తూ ఊరుకోలేకపోయాడు. విప్పాడు. అడుగున గుడ్డ పెట్టి, కంటికి ఆననంత సన్నగా కుట్టాడు. దారం ముక్కలు ఊడ్చి కాలవలో పోశాడు.

మర్నాడు ఆమె వచ్చింది.

"చూడండమ్మా. ఎవడో గానీ గోనెసంచి కుట్టినట్టు కుట్టేసేడు. అంతా పీకి పారేసేను. ఇప్పుడు చిరుగెక్కడుందో కనిపెట్టండి చూద్దాం!"

ఆమె మోచేతి మీద వేళ్లతో తడిమింది. దొరకలేదు.

"మా ఆయన కుట్టుకున్నదండి అది."

తాతారావు నవ్వు ఆగిపోయింది.

"ఆ దారమేదండి?"

అతను కాలవ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"పోనీలెండి. బాగా కుట్టేరు."

కోటు బల్ల మీదే వదిలి బస్సు వైపు నడిచింది.

"అమ్మా, కోటండీ!"

"ఉండనివ్వండి," అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆ మర్నాడు పొద్దున్నే తాతారావు వల దారం కొనుక్కొచ్చాడు. తన కుట్టు విప్పాడు. గుడ్డలో పాత సూది బెజ్జాలు ఇంకా ఉన్నాయి. వాటిలోంచే, ఒక్కొక్కటిగా, వంకరగా కుట్టాడు. చివర ముడి దగ్గర చెయ్యి ఆగింది. అయ్యప్పది వల అల్లేవాళ్ల ముడి. తనకు రాదు. తనకు వచ్చిన ముడే వేశాడు. కోటు వెలుతురులో పట్టి చూశాడు.

బ్లేడు తీశాడు.