తెల్లగా మిగిలిన పేజీలు

చిక్కడపల్లి సందులో ముప్పై ఏళ్లు అద్దె పుస్తకాల షాపు నడిపిన లైబ్రరీ అన్న పోయిన నెల కన్నుమూశారు. నాకు తెలిసింది నాలుగు రోజుల తర్వాత, నారాయణగూడ మార్కెట్లో, ఆయన దగ్గర పుస్తకాలు తీసుకునే ఒకావిడ చెబితే. బెండకాయలు ఏరుతున్న నాకు దుఃఖం కంటే ముందు సిగ్గు కలిగింది.

ఆయన నవలలన్నిటికీ ముఖచిత్రం కనబడకుండా పాత క్యాలెండర్ కాగితాల అట్టలు వేసేవారు. "బొమ్మ ఏసినోడు ఏసిండు. ఆడోళ్లు బస్సుల పట్టుకొని పోవద్దా?" అనేవారు.

2010లో ఒక పత్రికకు వ్యాసం రాశాను, వారపత్రికల నవలల్లో నాయిక అంటే నడుము, పైట తప్ప మనిషి కాదని. ఆయన షాపులో తీసుకున్న ఒక నవలనే ఉదాహరణగా చూపించాను. అద్దె పుస్తకంలో అలాంటి పేజీలు వెతకక్కర్లేదు. అందరి వేళ్లూ పడి అంచులు నల్లబడి ఉంటాయి. నేను అవి మాత్రమే తెరిచాను.

వ్యాసం చదివి ఆయన నవ్వారు. "మేడమ్, కాలేజీల పాఠం గిట్లనే చెప్తరా? నల్లగైన పేజీలే సదివిండ్రు. తెల్లగున్న పేజీలల్ల ఉన్నదామె."

"ఆ నడుము రాసిందీ ఆ రచయితే కదన్నా?"

"ఆయనే. ఆడ కక్కుర్తి పడ్డడు, నేను కాదంటనా? జర మొత్తం సదివి, అప్పుడు తిట్టుండ్రి."

అదే నవలను మళ్లీ నా చేతిలో పెట్టారు. తర్వాత ఎప్పుడు కనబడినా ఒకటే ప్రశ్న: "ఆమెను కలిసిండ్రా?" "పేపర్లు దిద్దాలి అన్నా, సెలవుల్లో చదువుతా" అనేదాన్ని. చివరికి ఆ సందు తప్పించి అశోక్‌నగర్ మీదుగా కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాను. అలా మూడేళ్లు, ఆయన పోయేదాకా.

ఆయన పోయారని విన్న ఆదివారం మొత్తం చదివాను. నాయిక టైపిస్టు. చూపు మందగించిన తల్లికి తమ్ముడి ఉత్తరాలు చదివి వినిపిస్తుంది. వాడు రాయని "ఎలా ఉన్నావమ్మా"ను తానే కలుపుతుంది. ఒకరోజు కలపడం మరిచిపోతుంది. తల్లి ఉత్తరమంతా విని, "ఇవాళ నీకు ఒంట్లో బాగాలేదా?" అంటుంది.

ఆ పేజీని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. వర్ణనలు చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు మండింది. ఆ కళ్లతోనే రచయిత ఈ తల్లీకూతుళ్లను ఎలా చూడగలిగాడో నాకు అంతుపట్టదు. నా వ్యాసం సగం తప్పా, మొత్తం తప్పా? అన్న ఉంటే వాదించేవారు.

మర్నాడు పుస్తకం తీసుకొని వాళ్లింటికి వెళ్లాను. "మొత్తం చదివానని అన్నకు చెప్పాలి వదినా" అన్నాను.

"ఇప్పుడా?" అన్నదామె, కోపం లేకుండానే. "షాపు ఖాళీ చేస్తున్నం. అది మీరే ఉంచుకోండ్రి."

తిరిగి వస్తుంటే క్యాలెండర్ అట్టలు వేసిన ఆ షాపు పుస్తకాలతో ట్రాలీ ఆటో నన్ను దాటి ఫ్లైఓవర్ ఎక్కింది. పైకట్ట తాడు వదులైంది. పుస్తకాలు గాలికి తమంతట తామే తెరుచుకుంటున్నాయి.