అమ్మ పీట, నాలుగు బేరింగులు, పేరు తెలియని స్కేట్‌బోర్డు పుస్తకం

మా చిన్నప్పుడు... జూన్ వచ్చిందంటే ఇంటినిండా అట్టల గొడవే. అమ్మ చాప మీద కొత్త పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. పక్కన కత్తెర, గిన్నెలో మైదా బంక... అట్టలకి ఏ కాగితం దొరికితే అది.

రెండు వేల మూడో, నాలుగో... ఆ ఏడు నాన్న మార్కెట్ రోడ్డులోని పాత పేపర్ల కొట్టు నుంచి ఒక కట్ట విదేశీ పుస్తకాలు తెచ్చారు. మందంగా, నున్నగా ఉన్న కాగితం. "ఈటితో ఏత్తే ఏడాదంతా సిరగవు" అన్నారు.

ఆ కట్టలో ఒక పుస్తకం దగ్గర అన్నయ్య చెయ్యి ఆగిపోయింది. అమెరికా వాళ్ల స్కేట్‌బోర్డు మేగజైన్ అది. పైఅట్ట ఊడిపోయింది కాబట్టి దాని పేరేమిటో ఈరోజుకీ మాకు తెలియదు. లోపలంతా చక్రాల చెక్కలెక్కి గాల్లోకి ఎగిరే కుర్రాళ్లే... మెట్ల మీద నుంచి దూకేవాళ్లు, నీళ్లు లేని ఈతకొలనులో గోడలెక్కేవాళ్లు. ఒక్క పేజీలో మాత్రం ఒక అమ్మాయి. మోకాలికి దెబ్బ, మొహం నిండా నవ్వు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ పేజీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

అమ్మ కత్తెరకి దొరక్కుండా అన్నయ్య ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచాడు. అన్నయ్య తొమ్మిదో తరగతి, నేను ఏడో తరగతి, ఇద్దరిదీ తెలుగు మీడియమే. డిక్షనరీ పట్టుకుని ఒక పేజీ చదవడానికి ఒక ఆదివారం పట్టేది. సగం మాటలు డిక్షనరీలో ఉండేవే కావు...

ఆ ఒక్క పుస్తకం మా వీధిని ఎలా పట్టుకుందో చెప్తే నమ్మరు. వారం తిరిగేసరికి అన్నయ్య స్నేహితులంతా బూట్ల లేసులు కట్టుకోవడం మానేశారు. ఫోటోల్లో వాళ్లు కట్టుకోలేదు మరి. టోపీలు వెనక్కి తిరిగాయి. సండే స్కూలుకీ అలాగే వెళ్తే, పాస్టరుగారు ప్రార్థన ఆపి మరీ టోపీలు తీయించారు.

తర్వాత అమ్మ వంటింటి పీట మాయమైంది. లారీ షెడ్డులో పారేసిన బేరింగులు నాలుగు తెచ్చి, రెండు కర్రలకి దిగ్గొట్టి, పీట కింద మేకులతో బిగించాడు అన్నయ్య.

మాకు దొరికే నున్నటి నేల బెల్లం మార్కెట్ గచ్చు ఒక్కటే. ఆదివారం చర్చి అయ్యాక అక్కడ కాపలాదారు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. గచ్చు మీద బేరింగులది చెవులు చిల్లులు పడే రొద... బెల్లం జిగురు బేరింగుల్లోకి ఎక్కి పీట ఎక్కడికక్కడ ఆగిపోయేది. ఇంటికి తెస్తే చీమలు బారులు తీరేవి. కిరసనాయిలుతో కడిగేది నేను. వెనక నుంచి తోసేది నేను. ఎక్కేది మాత్రం అన్నయ్య.

"నాకెప్పుడు?" అంటే, "ఉండే... నాకా ఎగురుడు వచ్చేక నీ వంతు" అనేవాడు.

ఆ ఎగురుడే మాకు అంతుపట్టలేదు. పుస్తకంలో ఒకే కుర్రాడివి వరసగా ఎనిమిది చిన్న ఫోటోలు. మనిషి లేస్తే చెక్క కూడా కాళ్లతోపాటే లేస్తోంది. అన్నయ్య ఎగిరితే పీట నేల మీదే ఉండిపోతోంది. చాలా ఆలోచించి చివరికి తేల్చాం... వాళ్లు చెక్కని కాళ్లకి కట్టేసుకుంటారు, ఆ కట్టు ప్యాంటు కింద కనపడదు, అంతే. ఆ తెలివి నాదేనని ఒప్పుకుంటున్నాను. సైకిల్ ట్యూబు కోసి అన్నయ్య రెండు కాళ్లూ పీటకి బిగించింది కూడా నేనే.

"ఇదొక్కటి దూకేనంటే తర్వాత నువ్వే" అన్నాడు. నేను చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాను.

తోశాను. అన్నయ్య ఎగిరాడు. పీట కూడా ఎగిరింది... జానెడంటే జానెడు. దిగేటప్పుడు ఒక చక్రం బెల్లానికి అతుక్కుంది. కాళ్లు విడిపించుకునే దారి లేక మనిషి అడ్డంగా పడిపోయాడు. కుడి మణికట్టు విరిగింది. కాళ్లకి పీట ఉండగానే మార్కెట్ కాపలాదారు అన్నయ్యని ఎత్తుకొచ్చి మా గుమ్మంలో దించాడు.

"నా పీటేటి సేసేర్రా..." అని మొదలుపెట్టిన అమ్మ, చెయ్యి చూసి ఏడ్చేసింది.

మర్నాడు బియ్యం డబ్బా వెనక పుస్తకం బయటపడింది. అమ్మ కత్తెర తీసింది. అప్పటికే వేసిన అట్టల మీద మళ్లీ అట్టలు వేసి, మిగిలిన కాగితాలు వీధిలో పిల్లలకి పంచేసింది. ఆ ఏడంతా మా బడిలో లెక్కల పుస్తకాల మీద, సోషల్ పుస్తకాల మీద కుర్రాళ్లు ఎగురుతూనే ఉన్నారు. అమ్మాయి పేజీ నాకే కావాలని ఏడ్చి మరీ సాధించుకున్నాను. సైన్సు నోట్సుకి వేసింది అమ్మ... సరిగ్గా ఆ అమ్మాయి మొహం మీదే నా పేరు చీటీ అంటించింది.

అన్నయ్య చేతికట్టు విప్పేసరికి పీట చక్రాలూడి వంటింట్లోకి వెళ్లిపోయింది. మరుసటి ఏడు నాకు చున్నీ వచ్చింది. "పెద్దపిల్లవి, రోడ్డు మీద ఆ పరుగులేటి?" అనే మాట కూడా వచ్చింది. ఇక నేను అడగలేదు.

మొన్న మా ఊరు అనకాపల్లి వెళ్తే, సాయంత్రం గ్రౌండులో పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. హెల్మెట్లు, మోకాళ్లకి తొడుగులు... ఆడపిల్లలే ఎక్కువ. తల్లులు నీళ్ల సీసాలు పట్టుకుని "ఇంకోసారి, ఇంకోసారి" అంటున్నారు. చీకటి పడేదాకా అక్కడే నిలబడి చూశాను.

అన్నయ్య అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికొచ్చే టైము చూసి ఫోన్ చేశాను. "అప్పుడు నాకెందుకు ఇవ్వలేదన్నయ్యా? పడిపోతాననా?"

అన్నయ్య మెల్లగా అన్నాడు... "పడిపోతావని కాదే. నాకంటే బాగా తొక్కేత్తావేమోనని."

నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే... ఎక్కకపోయినా నాకు సరిపోయేది.

ఇప్పటి పిల్లలు అడిగి ఎదురుచూడక్కర్లేదు. సంతోషమే... కొంచెం కుళ్లు కూడా. మీ దాకా రాకుండానే పోయిన వంతు మీకూ ఒకటి ఉండే ఉంటుంది. ఏమిటది?