నస్రీన్ ఆపా ఎవరినీ తోయలేదు

నస్రీన్ ఆపా ఎవరినీ నీళ్లలోకి తోసి ఈత నేర్పలేదు. మా ఆడవాళ్ల బ్యాచ్‌లో అందరూ చెప్పుకునే కథ అదే అయినా సరే, అది అబద్ధం. ఇవాళ పొద్దున కూడా స్విమ్మింగ్ పూల్ దగ్గర క్లోరిన్ వాసన ముక్కుకు ఘాటుగా తగులుతుండగా, మెట్ల మీద కూర్చున్న ఒకావిడ కొత్తగా చేరిన అమ్మాయికి చెబుతోంది: "మా ఆపా అయితే ఒక్క తోపు తోసేది. మునిగి తేలేలోపల ఈత వచ్చేది." ఆపా చనిపోయి ఏడాది కాలేదు, అప్పుడే ఆమెను అలా మార్చేశారు. నన్నయితే ఆమె రెండు వారాలు నీళ్లలోకే దిగనివ్వలేదు.

మోకాళ్ల నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెబితే, నలభై ఆరేళ్ల వయసులో బోయిగూడ నుంచి వచ్చి ఈ పూల్‌లో ఆపా దగ్గర చేరాను. అంతకుముందు రెండుచోట్ల చేరి, గోడ పట్టుకున్న చెయ్యి వదల్లేక మానేశాను. మూడోసారీ మానేస్తే ఇంట్లో నా మాటకు విలువుండదు. నాకేమో మాట తప్ప వేరే ఆస్తి లేదు. ఆపా నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, కాళ్లు మాత్రం నీళ్లలో ఆడించమంది. నాలుగు రోజులు ఓర్చుకుని అడిగేశాను.

"ఆపా, ఈత నేర్చుకుందామని వచ్చిన. కాళ్లు కడుక్కుందామని కాదు."

"ముందుగాల మంచిగ కడుక్కో, ఈత సుత వస్తది. ఏందమ్మా, సైకిల్ తొక్కుతున్నవా? మోకాలు కాదు, తొడల కాడికెళ్లి రావాలె." తర్వాత నా పాదాలు చూసింది. "వేళ్లు ఎందుకు గట్ల బిగవట్టినవ్? ఎవరన్న గుంజుకపోతరా?"

చిలకలగూడలో కదులుతున్న బస్సెక్కేటప్పుడు చెప్పు జారకుండా పట్టుకున్న వేళ్లవి. ముప్పై ఏళ్లుగా వాటికి వదలడం తెలియదు. పాదం బిగిస్తే నీళ్లు కదలవని, ఆపా నాకు వదులుగా ఉండే పెద్ద హవాయి చెప్పులు తొడిగింది. తన్నితే చెప్పు దానంతటదే ఊడిపోవాలట. ఊడేది కాదు. చెప్పు సైజు తప్పన్నాను, నీళ్లు చల్లగా ఉన్నాయన్నాను, నా ఎముకే అంతన్నాను. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని, ప్రతిరోజూ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది: "అయితది అమ్మా. జెర వదులు."

ఒకరోజు పక్కావిడతో తువ్వాలు ఎవరిదని పోట్లాడుతూ తన్నుతుంటే, చెప్పు ఎగిరి పూల్ మధ్యలో పడి తేలింది. ఆపా చప్పట్లు కొట్టలేదు. తేలే పలక నా చేతికిచ్చింది. "నా చెప్పది. పోయి తెచ్చియ్యి."

నడుములోతు నీళ్లే. అయినా మెట్టు మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాను. పలక పట్టుకుని, తొడల నుంచి కాళ్లాడిస్తూ వెళ్లాను. గోడ నా వెనకెక్కడో ఉండిపోయిందని, చెప్పు చేతికి తగిలాక గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదుతాను. ఇవాళ ఆ తోపు కథ విని బెదిరిపోయిన అమ్మాయి పక్కన కూర్చుని, కాళ్లు ఎలా ఆడించాలో చూపించాను. మోకాలు వంచింది. చెప్పాను. మళ్లీ వంచింది. ఆరోసారికి నా గొంతులో కారం నాకే వినిపించింది. ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రేపు వస్తానంది. ఆపా ఏళ్ల తరబడి, పొద్దున్నే వచ్చి, ఇదే తప్పు చూసింది. ఆమెకు విసుగే రాలేదా? వస్తే, మా చెవిదాకా రాకుండా దాన్ని ఎక్కడ దాచుకునేది?